బొంబాయి తెలుగువారు – తెరచిన పాఠములు

ముంబై మహానగరములో మన తెలుగువారి మూలమున పేరు పొందిన పేట కామాటిపురా. రాయి కొట్టి, మట్టి త్రవ్వి, సున్నపు తట్టలు మోసి బ్రతికెడి శ్రామికునికి మన భాషలో కామాటి అని పేరు. 18వ శతాబ్ది చివరి భాగములో హార్న్‌బీ అను గవర్నరు కాలమున వర్లీవద్ద సముద్రపు పోటును ఆపుటకు అడ్డుకట్ట వేసినారు. దానితో నగరము నడుమనున్న బురదనేలలు మెల్లగా ఆరి, మనుష్యులు నివసించుటకు వీలైనవి. 1793లో బెలాసిస్ రోడ్డు పడినది. ఆ రోడ్డు ప్రక్కన పల్లపు నేలలో గుడిసెలు వేసుకొన్నవారు నైజాము రాజ్యమునుండి, కరవు తరిమినప్పుడెల్ల గుంపులు గుంపులుగా పడమటికి వచ్చిన మన తెలంగాణా కామాటులు. వారి పేరే పేటకు నిలిచినది. తరువాతి కాలమున ఆ పేటకు లోకములో వేరొక ప్రసిద్ధి కలిగి, పేరు పెట్టిన వారిని మరపించినది. దానిని గూర్చి పత్రికలవారు కావలసినంత వ్రాసినారు. మేము ఇక్కడ వ్రాయబోవునది అది కాదు.

మేము వ్రాయదలచినది చదువును గూర్చి. అందునను పెద్ద చదువుల పాఠములను గూర్చి. కళాశాలలో ఉపాధ్యాయుడు చెప్పిన పాఠము, వ్రాసియిచ్చిన పుస్తకము, ఇప్పుడు అంతర్జాలములో పెట్టిన ఉపన్యాసము ఎవరి సొత్తు? ఆ కళాశాలలో చేరినవానికి మాత్రమేనా, గోడ బయట నిలిచినవానికి కూడనా? గోడ బయటివాడు దానిని వినుటయే గాక తన భాషలోనికి మార్చి, తన వాడవారికి మరల చెప్పుకొనవచ్చునా? ఇది కంప్యూటర్ల యుగములో పుట్టిన ప్రశ్న అని కొందరి అభిప్రాయము. మన బొంబాయి తెలుగువారి చరిత్రను కొంచెము వెనుకకు త్రిప్పి చూచినచో, ఈ ప్రశ్న నూటయేబది ఏండ్ల నాడే మన ముంగిటికి వచ్చినదని తెలియును.

1873లో పుణేలో మహాత్మా జ్యోతిరావు ఫూలే గారు సత్యశోధక సమాజమును స్థాపించినారు. ఆ సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిన వారిలో మన తెలుగు కంట్రాక్టర్లు ముందువరుసలోనివారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కారాడీ లింగు, వ్యంకు బాళోజీ కాళేవార్ అను పేర్లు ఫూలే గారి చరిత్ర చదివిన మరాఠీ పాఠకులకు పరిచితములే. మన పిల్లలకు మాత్రము తెలియవు. బొంబాయి నిర్మాణములో తెలుగువారి పాలు ఎంతటిదో శ్రమపడి వెదకి గ్రంథస్థము చేసినవారు మనోహర్ కదం అను మరాఠీ చరిత్రకారుడు. ఆ పని మనవాడు కాక పొరుగువాడు చేయుట మనకు సంతోషమో సిగ్గో పాఠకులే తేల్చుకొందురు గాక. ఈ కంట్రాక్టర్ల ఇంటిపేర్లు మరాఠీ ఉచ్చారణలో కొంత మారినవి గాని మనుష్యులు మనవారే. రాతిపనిలోను కట్టుబడి పనిలోను నాలుగు డబ్బులు చూచినవారు. వారు సత్యశోధక సమాజమునకు చందాలిచ్చి ఊరకుండలేదు. ఒక ముద్రణాయంత్రమును కొని సమాజమునకు సమర్పించినారు.

గుడికి గంట ఇచ్చినవారు, బాటసారులకు సత్రము కట్టించినవారు మనలో అన్ని తరములలోను కలరు. అచ్చుయంత్రము దానమిచ్చినవారు అరుదు. అందునను ఆ యంత్రము అచ్చు వేయవలసినది తెలుగు కాదు, మరాఠీ. తమ భాష కాని భాషలో, తమ కులము కాని వారికి కూడ చదువు అందవలెనని అచ్చుయంత్రము కొనియిచ్చిన ఆ మేస్త్రీల మనస్సును గూర్చి ఎంత చెప్పినను తక్కువే. రాతిప్రతి ఒకరి పెట్టెలో దాగి ఉండవచ్చును. అచ్చుబడిన కాగితము నలుగురి చేతులు మారును, ఒకడు చదువగా పదిమంది విందురు. సత్యశోధకుల పత్రికయైన దీనబంధు 1877లో వెలువడి, తరువాత నారాయణ మేఘాజీ లోఖండే గారి చేతిమీదుగా బొంబాయిలో నడచినది. ఆ లోఖండే గారే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి, 1890లో వారికి ఆదివారము సెలవు సంపాదించి పెట్టినారు. మన పద్మశాలి తాతలు ఆదివారము నాడు చాళ్లలో కాలు చాపుకొని కూర్చుండగలిగినది ఆ పుణ్యముననే.

ఫూలే గారు 1882లో హంటర్ విద్యాసంఘమునకు సమర్పించిన విజ్ఞాపనము మన ప్రశ్నకు మూలము. ఆయన వాదము సూటియైనది. ప్రభుత్వ ఖజానాకు వచ్చు రాబడి రైతుల చెమటనుండియు కూలివారి కష్టమునుండియు వచ్చుచున్నది; ఆ ధనముతో నడచు ఉన్నతవిద్య మాత్రము పైవర్గములవారి పిల్లలకే చేరుచున్నది; పన్ను కట్టినవాని బిడ్డకు ఓనమాలు కూడ దక్కుటలేదు. కనుక పండ్రెండేండ్ల వయస్సు వరకు ప్రాథమిక విద్యను అందరికిని నిర్బంధముగా నేర్పవలెనని ఆయన కోరినారు. ఆ కోర్కె చట్టరూపము దాల్చుటకు 2009 వరకు పట్టినది! ఇక ఉన్నతవిద్యను గూర్చి ఆయన వేసిన ప్రశ్న, అనగా అందరి సొమ్ముతో తయారైనది కొందరికే ఏల అనునది, నేటికిని సగమే తీరినది.

కామాటిపురా మొదటి గల్లీ మొదలు పదునాలుగవ గల్లీ వరకు, ప్రభాదేవిలో, లోయర్ పరేల్‌లో, వర్లీ బి.డి.డి. చాళ్లలో మన కుటుంబములు స్థిరపడిన కథ అందరును ఎరిగినదే. కరీంనగరము, నిజామాబాదు, నల్లగొండ, పాలమూరు జిల్లాలనుండి వచ్చినవారు వచ్చినట్లే సాంచెల మీదను, కట్టుబడి పనులలోను కుదురుకొన్నారు. 1920 తరువాత ప్రభుత్వము కట్టించిన బి.డి.డి. చాళ్లలో ఒక ఖోలీ విస్తీర్ణము సుమారు 160 చదరపు అడుగులు. అందులో వంట, పడక, పెండ్లిచూపులు, పురుళ్లు అన్నియు జరుగవలెను. పుస్తకము తెరచుకొని కూర్చుండుటకు స్థలము మెట్లమీదనో, వరండాలోనో, వీధిదీపము క్రిందనో. నగరపాలక సంస్థ మరాఠీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగులోను బడులు పెట్టినది. వడాలాలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీవారు, దాదరులో ఆంధ్ర మహాసభవారు తమ శక్తికొలది భాషను నిలిపినారు. అయినను తెలుగు బడి ముగించిన కుర్రవాడు కళాశాల మెట్టు ఎక్కగానే పాఠము ఇంగ్లీషు. అక్కడ పది మందిలో ఎనమండుగురు వెనుదిరిగి మిల్లుకు పోయిరని పెద్దలు చెప్పుకొందురు. లెక్క వేసినవారు లేరు గాని, చాళ్లలో పెరిగినవారు ఆ మాటను కాదనరు.

మిల్లు ఉన్నంత కాలము ఆ వెనుదిరుగుట కడుపు కాల్చలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ గారి నాయకత్వమున మిల్లు కార్మికుల సమ్మె మొదలైనది. తరువాత జరిగినది మనవారికి వేరుగ చెప్పనక్కరలేదు. సైరను ఆగిపోయినది. బడి మానినవానికి మిల్లు కలదు అను ధైర్యము ఆ ఏటితో పోయినది.

అదే 1982లో, ఆగస్టు నెలలో, హైదరాబాదులో వేరొక తలుపు తెరచుకొన్నది. భవనం వెంకట్రామ్ గారు ముఖ్యమంత్రిగా ఉన్న స్వల్పకాలములో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. భారతదేశమున ఇట్టిది అదే మొదటిది. దానికి తొలి ఉపాధ్యక్షులైన ఆచార్య జి. రాంరెడ్డి గారు కరీంనగరము జిల్లావారు. అనగా మన చాళ్లలోని అనేక కుటుంబముల సొంత జిల్లావారు. పదునెనిమిదేండ్లు నిండినవాడు, బడి ముఖము చూడకున్నను, ఒక అర్హత పరీక్ష వ్రాసి బి.ఏ.లో చేరవచ్చునని ఆయన అన్నప్పుడు నవ్వినవారు కొందరు. మూడేండ్లు తిరుగగనే 1985లో కేంద్ర ప్రభుత్వము ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును నెలకొల్పి, దానికిని రాంరెడ్డి గారినే తొలి ఉపాధ్యక్షులుగా పిలిచినది. 1989లో నాసికులో యశ్వంతరావు చవాన్ పేరుతో మహారాష్ట్రకు ఒకటి వచ్చినది. హైదరాబాదులోనిది 1991నుండి డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ పేరును ధరించినది.

తెలుగులో పై తరగతులకు పుస్తకములు ఎక్కడివి అని అప్పుడు ఎవరును వెరవవలసిన పని లేకపోయినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అప్పటికే కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగులో సిద్ధము చేయుచుండెను. దాని తొలి అధ్యక్షులు పి.వి. నరసింహారావు గారు. ఆయన నాగపూరులో న్యాయశాస్త్రము చదివి, మరాఠీ నవలను తెనిగించిన మనిషి. ఇంకను వెనుకకు పోయినచో, 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారు కూడ నాగపూరు చదువువారే. మరాఠీవారు తమ భాషలో చరిత్రను, శాస్త్రములను ఎట్లు వ్రాసుకొనుచుండిరో కన్నులార చూచి, అది మనకేల లేదని అడిగి, శివాజీ చరిత్రతో మొదలుపెట్టి విజ్ఞాన సర్వస్వము వరకు పోయినవారు ఆయన. పొరుగు భాషలో మంచిది కనిపించినచో తెచ్చుకొని, మనకు తగినట్లు మార్చుకొని, తిరిగి నలుగురికి పంచుట అనునది ఈ మరాఠీ, తెలుగు సరిహద్దులలో పాత అలవాటు. కామాటిపురావారు మరాఠీకి అచ్చుయంత్రమిచ్చిరి. మరాఠీ దేశము మనకు కొమర్రాజువారి చదువు నిచ్చినది. చెల్లుకు చెల్లు.

సార్వత్రిక విశ్వవిద్యాలయము తలుపు తెరచినది నిజమే. అయినను ఆ తలుపు ప్రవేశమునకు సంబంధించినది. పాఠ్యపుస్తకములు రుసుము కట్టి చేరినవారికి వచ్చుచుండెను. చేరనివాడు చదువుటకును, వేరొక ఉపాధ్యాయుడు ఆ పాఠమును తీసుకొని తన విద్యార్థులకు అనుగుణముగ మార్చుకొనుటకును, అచ్చువేసి పంచుటకును అప్పుడు దారి లేకుండెను. ఈ రెండవ తలుపు తెరచుట 21వ శతాబ్ది పని.

2001లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ తన పాఠములన్నిటిని అంతర్జాలములో ఉచితముగా పెట్టెదనని ప్రకటించినది. పట్టా ఇవ్వదు, ఉపాధ్యాయుని ఇవ్వదు. పాఠప్రణాళిక, ఉపన్యాసపు వ్రాతలు, పరీక్ష ప్రశ్నలు మాత్రము ఇచ్చును. 2002 సెప్టెంబరు నెలాఖరున మొదట 50 పాఠ్యాంశములతో ఆరంభించినది. ఆ ఏడే జూలైలో పారిస్‌లో యునెస్కో సభ ఇట్టి సామగ్రికి తెరచిన విద్యావనరులు అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టినది. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశములన్నియు దీనిని ప్రోత్సహింపవలెనని ఒక సిఫారసును ఆమోదించినవి.

ఉచితము వేరు, తెరచియుండుట వేరు. ఈ భేదమును మన పాఠకులు గట్టిగా పట్టుకొనవలెనని మా కోరిక. చలివేంద్రములో నీరు ఉచితము, త్రాగి పోవచ్చును. బావి ఊరిది, దానినుండి తోడుకొనవచ్చు, ఇంటికి తీసికొని పోవచ్చు, పప్పులో పోసికొనవచ్చు, పక్కింటివారికి బిందెడు ఇవ్వవచ్చును. ఈ విద్యను గూర్చి ఎంతో కృషి చేసిన డేవిడ్ వైలీ అను అమెరికా పండితుడు ఐదు స్వేచ్ఛలు చెప్పినాడు. ప్రతిని తన దగ్గర ఉంచుకొనుట, దానిని వాడుకొనుట, మార్చుకొనుట, ఇతరములతో కలుపుకొనుట, పంచుట. ఈ ఐదింటిలో ఏది లోపించినను బావి కాదు, చలివేంద్రమే. ఈ అనుమతులను రచయిత ముందుగనే వ్రాసియిచ్చుటకు క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002లో కొన్ని సిద్ధ అనుమతి పత్రములను తయారుచేసినది. రచయిత పేరు చెప్పవలెను. మార్చి పంచిన ప్రతిని కూడ అదే స్వేచ్ఛతో ఇతరులకు వదలవలెను. వానిలో ఒక రకమునకు ఈ రెండే షరతులు.

మన దేశమున ఈ పని 2003లో బొంబాయి, ఢిల్లీ, గౌహతి, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసు, రూర్కీ ఐ.ఐ.టి.లు, బెంగుళూరు విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అను పేరుతో ఆరంభించినవి. ఖర్చు కేంద్ర ప్రభుత్వముది, అనగా మనది. ఫూలే గారు 1882లో అడిగిన లెక్కకు ఇది కొంత బదులు. ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్ష గట్టెక్కనివాడు కూడ ఆ ఐ.ఐ.టి. ఆచార్యుడు చెప్పిన పాఠమును తన ఖోలీలో కూర్చుండి వినగలిగినాడు. 2017 జూలైలో స్వయం అను వేదిక వచ్చినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో ఇట్టి పాఠములద్వారా చదువులో 20 శాతము వరకు, 2021లో 40 శాతము వరకు కళాశాలలు లెక్కకు తీసికొనవచ్చునని నియమము చేసినది. పాఠము వినుటకు డబ్బు లేదు. పరీక్ష వ్రాసి ప్రమాణపత్రము కావలెనన్నచో రుసుము కట్టవలెను. ఈ చివరి సంగతి మన చాళ్ల పిల్లలకు చిన్నది కాదు. ఉద్యోగమిచ్చువాడు అడుగునది జ్ఞానమును కాదు, కాగితమును.

అయితే మన ముంబై తెలుగువారికి వీటన్నిటికంటె దగ్గరిది పొవాయిలో ఉన్నది. బొంబాయి ఐ.ఐ.టి.లో రసాయనిక ఇంజనీరింగు ఆచార్యులైన కన్నన్ మౌద్గల్య గారి పూనికతో స్పోకెన్ ట్యుటోరియల్ అను కార్యక్రమము నడచుచున్నది. దీని పద్ధతిని కొంచెము వివరముగా చెప్పుట అవసరము, ఏలయనగా ఈ పద్ధతిలోనే మన లాభమంతయు ఉన్నది.

ఒక్కొక్క పాఠము సుమారు పది నిమిషములు. లినక్సు, లిబ్రె ఆఫీసు, పైథాన్, సి, జావా వంటివి విషయములు. కంప్యూటరు తెరమీద జరుగు పనిని ఉన్నదున్నట్లు చిత్రించి, దానిపై ఒక కంఠము వివరించుచుండును. విద్యార్థి తెరను రెండుగా చేసికొని, ఒక ప్రక్క పాఠమును నడిపి, ఆపి, రెండవ ప్రక్క తాను అదే పనిని చేసి చూచుకొనవలెను. ఉపాధ్యాయుడు ప్రక్కన లేకున్నను నేర్చుకొనవచ్చునట్లు ప్రతి పాఠపు వ్రాతప్రతిని ముందుగా ఆ విషయము తెలియని ఒకరిచేత చదివించి, వారికి అర్థము కాని చోట్ల దిద్దిన తరువాతనే ధ్వనిముద్రణము. తెరమీద కనిపించు అక్షరములు ఇంగ్లీషులోనే ఉండును. కంఠము మాత్రము మారును. వ్రాతప్రతిని తెలుగు, మరాఠీ, తమిళము మొదలైన 22 భాషలలోనికి మార్చి చదివించినారు. అన్నియు పైన చెప్పిన రెండు షరతుల అనుమతి పత్రముతో, అనగా ఎవరైనను తీసికొని మార్చి పంచుకొనునట్లుగా వదలినారు. అంతర్జాలము లేనిచోట ప్రతిని దింపుకొని వాడవచ్చును.

కంఠము తెలుగు, తెర ఇంగ్లీషు అనగానే పండితులు ముఖము చిట్లింతురు. భాషాభిమానులకు ఇది సగము పని. మా అభిప్రాయము వేరు. మన చాళ్లలో ఇప్పటి పిల్లలను గమనింపుడు. ఇంట తెలుగు మాటలాడుదురు. అదియు నానమ్మ తెచ్చిన తెలంగాణా తెలుగు, నడుమ మరాఠీ, హిందీ మాటలు పోపు గింజలవలె చిటపటలాడుచుండును. చదువు ఇంగ్లీషులోనో మరాఠీలోనో. తెలుగు బడులు పిల్లలు లేక ఒక్కొక్కటిగా మూతబడగా, తెలుగు అక్షరము చదువగలిగినవారు తగ్గిపోయినారు. వీరి చేతికి తెలుగు అకాడమీవారి మంచి పుస్తకమిచ్చినను అది మూసిన పుస్తకమే. చెవికి మాత్రము తెలుగు అందును. కంటికి ఇంగ్లీషు, చెవికి తెలుగు అను ఈ ఏర్పాటు ఎవరినో దృష్టిలో పెట్టుకొని చేసినదో గాని, కామాటిపురా పిల్లకు కొలిచి కుట్టించినట్లున్నది.

ఇక ఆ తెలుగు ఏ తెలుగు? పుస్తకపు తెలుగు. "ఎంపిక చేయండి", "తదుపరి సోపానం" అను ధోరణి. పదునొకండవ గల్లీలో ఎవరును ఇట్లు మాటలాడరు. ఇక్కడనే తెరచిన పాఠమునకును ఉచితపు పాఠమునకును ఉన్న తేడా పనికివచ్చునది. ఉచితము మాత్రమే అయినచో మనము విని ఊరకుండవలెను. ఇది తెరచినది గనుక, ఆ వ్రాతప్రతిని తీసికొని, మన ఇండ్లలో పలుకు తెలుగులోనికి త్రిప్పి, మన కళాశాల పిల్ల చేతనే చదివించి, చాళ్లలో పంచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. మూలమును తయారుచేసినవారి పేరు చెప్పి, మన ప్రతిని కూడ అదే స్వేచ్ఛతో వదలినచో చాలును. నిజామాబాదులోనివారు దానిని మరల తీసికొందురు; షోలాపూరులోని మన పద్మశాలి సోదరులు తమ పలుకుబడికి మార్చుకొందురు. సంఘము తలచుకొనినచో వేసవి సెలవులలో పది పాఠములు పూర్తిచేయవచ్చును. ఖర్చు ఒక మంచి మైకు, నిశ్శబ్దముగా ఉండు ఒక గది. ఈ రెండవది ముంబైలో మొదటిదానికంటె ప్రియము!

పాఠములు తెరచుటను అందరును హర్షింపరు. పుస్తకములు అచ్చువేయువారి పక్షమును కూడ చెప్పవలెను. 2012లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అను మూడు పెద్ద ప్రకాశక సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయముమీదను, ఆ ఆవరణలోని రామేశ్వరీ ఫోటోకాపీ దుకాణముమీదను దావా వేసినవి. ఆచార్యులు చెప్పిన పుస్తకములలోని భాగములను కలిపి కట్టలుగా తీసి విద్యార్థులకు అమ్ముట తమ హక్కులకు భంగమని వారి ఫిర్యాదు. 1957 నాటి కాపీహక్కుల చట్టము 52వ నిబంధనలో బోధన సందర్భమున ప్రతి తీసికొనుటకు మినహాయింపు కలదని 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసినది. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము కొన్ని విషయములు తిరిగి విచారింపవలెనన్నను మూలసూత్రమును నిలిపినది. తరువాత ప్రకాశకులే దావా విరమించుకొన్నారు. పుస్తకము వ్రాసినవాడు తినవలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి మా బదులు: ప్రజల పన్నుతో జీతము పుచ్చుకొని చెప్పిన పాఠమునకు ప్రజలు రెండవసారి వెల కట్టనక్కరలేదు. తన రాత్రులు తాను వెచ్చించి వ్రాసిన కవిమాట వేరు.

ఈ సందర్భమున పాత పుస్తకముల సంగతి ఒకటి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకొన్న ఆచార్య రాజ్ రెడ్డి గారి సంకల్పముతో పది లక్షల గ్రంథములను కంప్యూటరుకు ఎక్కించు పథకము ఈ శతాబ్ది ఆరంభమున నడచినది. అందులో భాగముగా మన దేశపు అంకరూప గ్రంథాలయములో వేలకొలది పాత తెలుగు పుస్తకములు చేరినవి. కొమర్రాజువారు 1923లో పరమపదించినారు. రచయిత మరణించిన తరువాత 60 ఏండ్లకు మన చట్టము ప్రకారము హక్కు తీరిపోవును గనుక, ఆయన వ్రాతలు నేడు ఊరుమ్మడి సొత్తు. కావలసినవాడు అచ్చువేసికొనవచ్చును.

మరి మన వ్రాతలో? బి.డి.డి. చాళ్లను కూల్చి ఎత్తైన భవనములు కట్టుటకు వర్లీలో 2021లో శంకుస్థాపన జరిగినది. కామాటిపురా గల్లీలకును పునర్నిర్మాణ ప్రణాళికలు వచ్చినవి. ఇల్లు మారినప్పుడు మొదట పారవేయబడునది పాత కాగితము. సంఘముల వార్షిక నివేదికలు, నాటకముల కరపత్రములు, ఇట్టి ఉగాది సంచికలు అటకలమీద ఉన్నవి. బొంబాయి కార్మికుల చరిత్ర బోధించు ఆచార్యునకు ఇంతకంటె విలువైన పాఠ్యసామగ్రి దొరకదు. కాని 1970లో సంచికకు వ్యాసమిచ్చిన పెద్దమనిషి 1990లో గతించినాడనుకొనుడు. ఆ వ్యాసమును ఒక ఉపాధ్యాయుడు పునర్ముద్రించి తన తరగతికి శాశ్వతముగా వాడుకొనుటకు, వారసులు దొరకి అనుమతించిననే తప్ప, 2050 వరకు ఆగవలెను. వారసులు ఏ నవీ ముంబైలోనో, ఏ డల్లాసులోనో ఉందురు. అడిగినచో ఇయ్యమనువారు ఉండరు. అడుగుటకు వారి జాడ తెలియదు.

అదే చట్టములోని 21వ నిబంధన ప్రకారము రచయిత బ్రతికియుండగనే తన హక్కును బహిరంగ ప్రకటనతో వదలుకొనవచ్చును. అంతదూరము పోనక్కరలేనివారు, పేరు చెప్పి వాడుకొనవచ్చునని రెండు షరతుల అనుమతిని ఒక పంక్తిలో అచ్చువేయింపవచ్చును. మేము ఈ వ్యాసమునకు ఆ పంక్తిని వేయింపుమని సంపాదకవర్గమును కోరినాము. మిగిలిన వ్యాసకర్తలను కూడ అడిగి, ఒప్పుకొన్నవారి వ్యాసముల క్రింద దానిని వేయింతుమని వారు చెప్పినారు. అటకమీద పాత సంచికలు ఉన్నవారు ఇల్లు ఖాళీచేయుటకు ముందు సంఘ కార్యాలయమునకు కబురు చేసినచో, మన కుర్రవాండ్రు వచ్చి తీసికొనిపోయి, ఫోటోలు తీసి, అసలు ప్రతులను జాగ్రత్తగా తిరిగి అప్పగింతురు. చెదలు పట్టినవైనను సరే, అట్ట లేనివైనను సరే.